బిషప్పు లేని కాలంలో కట్టిన కథీడ్రల్: మెదక్ చర్చి

మెదక్ పట్టణంలో దూరం నుంచే కనిపించే కట్టడాలు రెండు ఉన్నాయి. కొండమీద కాకతీయుల కాలంనాటి కోట ఒకటి కాగా, దిగువ నేలమీద 175 అడుగుల గంట గోపురంతో నిలిచిన రాతి చర్చి రెండవది. ఈ చర్చిని ఇప్పుడు అందరూ మెదక్ కథీడ్రల్ అనే వ్యవహరిస్తున్నారు. కథీడ్రల్ అంటే చాలా పెద్ద చర్చి అని సామాన్యంగా అనుకుంటారు గాని, క్రైస్తవ సంఘాల వ్యవస్థలో ఆ మాటకు పరిమాణంతో సంబంధం లేదు. ఒక ప్రాంతంలోని సంఘాలన్నింటికీ పెద్ద అయిన బిషప్పు ఆసనం ఏ చర్చిలో ఉంటుందో, అది ఎంత చిన్నదైనా, ఆ చర్చే కథీడ్రల్ అవుతుంది. 1924 డిసెంబరు 25న మెదక్ చర్చికి ప్రతిష్ఠ జరిగిన రోజున ఆ పట్టణంలో బిషప్పు లేడు సరికదా, దాన్ని కట్టించిన బ్రిటిష్ వెస్లియన్ మెథడిస్టుల వ్యవస్థలో బిషప్పు అనే పదవే లేదు. ఆడంబరం లేని ప్రార్థనశాలలు చాలునని చెప్పిన ఒక ప్రచారకుడి పేరు మీద నడిచే శాఖ నిజాం రాజ్యంలోని ఒక చిన్న ఊళ్లో ఇంత పెద్ద గోథిక్ చర్చిని ఎందుకు కట్టింది, అది 23 ఏళ్ల తరువాత కథీడ్రల్ ఎలా అయింది అన్నవి విడివిడి ప్రశ్నలుగా కనిపించినా, రెండింటి సమాధానాలూ ఒకే చరిత్రలో ఉన్నాయి.

ఆ చరిత్ర 18వ శతాబ్దపు ఇంగ్లండులో మొదలవుతుంది. ఆంగ్లికన్ సంఘం, అనగా ఇంగ్లండు రాజ్యపు అధికార సంఘం, అందులో గురువైన జాన్ వెస్లీ (1703–1791), ఆయన తమ్ముడు చార్లెస్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లో ప్రార్థనకు, ఉపవాసానికి, జైళ్లలోని ఖైదీలను చూసిరావడానికి వేళలు పెట్టుకుని నియమం తప్పక నడుచుకోవడం చూసి తోటి విద్యార్థులు వారికి ఎగతాళిగా అంటగట్టిన పేరే మెథడిస్టులు. చర్చి గడప తొక్కని గని కార్మికులకు, కూలిజనానికి బోధించాలన్న ఉద్దేశంతో వెస్లీ 1739 ఏప్రిల్‌లో బ్రిస్టల్ నగరంలో ఆరుబయట ప్రసంగించడం ప్రారంభించాడు. గురువు బోధ చర్చి లోపలి వేదిక మీదనుంచే సాగాలన్న నియమాన్ని గట్టిగా పాటించే సంఘంలో పుట్టి పెరిగిన వెస్లీకి ఈ పని మొదట్లో ఎబ్బెట్టుగానే తోచింది. కాని వినవచ్చే జనం వేలల్లో ఉండడంతో ఆ సంకోచం నిలవలేదు.

అదే సంవత్సరం బ్రిస్టల్‌లో కట్టిన న్యూ రూమ్ అనే ప్రార్థనశాల మెథడిస్టుల తొలి కట్టడం. అది నేటికీ నిలిచి ఉంది. దాన్ని కట్టడానికి చేసిన అప్పు తీరే దారి కనబడక 1742లో సభ్యులు కూర్చుని ఆలోచిస్తున్నప్పుడు, ఒక్కొక్కరు వారానికి ఒక పెన్నీ చొప్పున ఇచ్చేట్లు, పన్నెండు మందికి ఒకరు వసూలు చేసి తెచ్చేట్లు, ఇచ్చుకోలేని వారి వంతు వసూలుదారే భరించేట్లు ఒక ఏర్పాటు జరిగింది. ఇంటింటికీ తిరిగిన వసూలుదారులకు ఆయా సభ్యుల బాగోగులు, కష్టాలు, తప్పొప్పులు తెలిసిరావడంతో ఆ పన్నెండు మంది గుంపే క్లాసు అనే పేరుతో మెథడిస్టు సంఘజీవనానికి పునాది అయింది. ఒక శాఖ నిర్మాణమంతా భవనం అప్పులోంచి పుట్టుకురావడం క్రైస్తవ సంఘాల చరిత్రలో తరచుగా కనిపించే సంగతి కాదు.

భవనాల ఖర్చు ఎంత బరువో ఆ అనుభవంతో తెలిసినందువల్లనే కావచ్చు, వెస్లీ ప్రార్థనశాలలు కట్టే తీరుపై కచ్చితమైన నియమాలు పెట్టాడు. అవి సాదాగా, శుభ్రంగా ఉండాలి. స్థలం అనుమతిస్తే ఎనిమిది పలకలుగా కట్టాలి, ఎందుకంటే ఆ ఆకారంలో బోధకుడి గొంతు అన్ని వైపులకూ సమానంగా వినపడుతుంది. వెనుక ఆనుకోవడానికి వీలున్న బల్లలు వద్దు. పురుషులు, స్త్రీలు విడివిడిగా కూర్చోవాలి. తప్పనిసరి అయినదానికి మించి ఒక్క పైసా ఖర్చు పెట్టరాదన్నదానికి ఆయన చెప్పిన కారణం ఆలోచించదగ్గది: ఖరీదైన మందిరం కడితే ధనికులు అవసరమవుతారు, ధనికులు అవసరమైతే వారి మాట వినవలసి వస్తుంది, అప్పుడు సంఘం క్రమశిక్షణ చేతులు జారిపోతుంది. స్త్రీపురుషులు వేరువేరు వైపుల కూర్చునే అలవాటు తెలుగు పల్లెల చర్చిల్లోనూ ఉంది గాని, దానికి మూలం వెస్లీ నియమంలో కన్నా ఈ దేశపు సభామర్యాదలోనే వెతకడం సమంజసం.

వెస్లీ చనిపోయేనాటికి ఆంగ్లికన్ సంఘానికి దూరమవుతూ వచ్చిన ఆయన అనుచరులు ఆ తరువాత పూర్తిగా వేరుపడి, ఏటేటా సమావేశమయ్యే కాన్ఫరెన్సు చేతిలో అధికారమంతా ఉంచుకున్నారు; బిషప్పులను నియమించుకోలేదు. 19వ శతాబ్దిలో బ్రిటన్ పారిశ్రామికంగా ఎదుగుతున్నకొద్దీ వీరిలో చాలామంది మిల్లు యజమానులుగా, వర్తకులుగా స్థిరపడ్డారు. వారి పట్టణాల్లో ప్రార్థనశాలలు కూడా క్రమంగా హంగులు దిద్దుకున్నాయి. మధ్యయుగపు చర్చిల్లో కనిపించే మొనదేలిన కమానులు, పైకెగసే గోపురాలు, పొడవాటి కిటికీలు కలిగిన నిర్మాణ పద్ధతిని గోథిక్ అంటారు. ఈ పద్ధతి క్రైస్తవ ఆరాధనకు తగినదని, మెథడిస్టులు దాన్ని అనుసరించవచ్చునని వాదిస్తూ ఫ్రెడరిక్ జాబ్సన్ అనే మెథడిస్టు గురువు 1850లో ఒక పుస్తకమే వెలువరించాడు. దాని తరువాతి తరంలో ఆంగ్లికన్ చర్చి ఏదో, వెస్లియన్ చర్చి ఏదో వీధిలోంచి చూసి పోల్చుకోలేని స్థితి వచ్చింది. మెదక్ చర్చి రూపానికి మూలం వెస్లీ కాలంలో లేదు, అతని మునిమనుమల తరం అభిరుచిలో ఉంది.

భారతదేశానికి మెథడిస్టుల రాక సముద్రంలో ఒక మరణంతో మొదలైంది. వెస్లీకి కుడిభుజం వంటి థామస్ కోక్ 1813 చివర కొందరు యువ ప్రచారకులను వెంటబెట్టుకుని సింహళానికి బయలుదేరి, 1814లో దారిలో హిందూ మహాసముద్రం మీదనే కన్నుమూశాడు. మిగిలినవారు సింహళం చేరి పని మొదలుపెట్టగా, వారిలో ఒకరైన జేమ్స్ లించ్ 1817లో మద్రాసుకు వచ్చాడు. తెలుగువారి మధ్యకు, అందులోనూ నిజాం రాజ్యంలోకి రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. 1870ల చివర విలియం బర్జెస్ సికింద్రాబాదు కేంద్రంగా వెస్లియన్ మిషన్‌ను ప్రారంభించాడు. అక్కడి కంటోన్మెంటులోని బ్రిటిష్ సైనికుల్లో మెథడిస్టులు ఉండడం ఈ పనికి మొదటి ఆసరా అయింది.

ఈ సందర్భంలో పాఠకులు తరచుగా గందరగోళపడే విషయం ఒకటి తేల్చుకోవలసి ఉంది. హైదరాబాదు రాజ్యంలో మెథడిస్టులు రెండు రకాలు. మెదక్, సిద్దిపేట, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల్లో పనిచేసినవారు బ్రిటన్‌కు చెందిన వెస్లియన్లు. హైదరాబాదులోని ఆబిడ్స్ పరిసరాల్లో, వికారాబాదు, జహీరాబాదు, బీదర్ వైపున పనిచేసినవారు అమెరికాకు చెందిన మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘంవారు. చాపెల్ రోడ్డులోని స్టాన్లీ బాలికల ఉన్నత పాఠశాలకు మూలం వీరిదే. ఇద్దరికీ ఆదిగురువు వెస్లీయే అయినా, స్వాతంత్ర్యం పొందిన అమెరికాలో 1784లో ఏర్పడిన సంఘం బిషప్పులను ఏర్పాటు చేసుకోగా బ్రిటన్‌లోని సంఘం ఆ పని చేయలేదు. అమెరికన్ శాఖ పేరులోని ఎపిస్కోపల్ అన్న మాట ఆ బిషప్పుల వ్యవస్థనే సూచిస్తుంది. ఈ తేడా 1947లో విచిత్రంగా తలకిందులవుతుంది.

చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాదు చేరి, తిరుమలగిరిలోని సైనికుల మధ్య గురువుగా కొద్దికాలం పనిచేశాడు. బారకాసుల్లోని పని తృప్తినివ్వక పల్లెల వైపు మళ్లి, మెదక్‌లో కాపురం పెట్టాడు. అప్పటికి అక్కడి క్రైస్తవుల సంఖ్య సుమారు రెండు వందలని, వారు ఒక చిన్న పాకవంటి గదిలో ఆరాధన జరుపుకునేవారని మెదక్ సంఘపు చరిత్ర చెబుతుంది. పల్లెజనం వాడుకలో ఆయన పాస్నెట్ దొర. ఆయన సోదరి ఎమిలీ పాస్నెట్, ఆమె సహచరి సారా హారిస్ స్త్రీల మధ్య పనిని, వైద్యాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. ఘోషాలో ఉన్న ఇళ్లలోకి, మాలపల్లెల్లోకి వెళ్లి చదువు, శుభ్రత, బైబిలు కథలు చెప్పే స్థానిక స్త్రీలను తయారుచేయడం వీరి పనిలో ముఖ్యమైన భాగం. ఇటువంటి స్త్రీలను బైబిలు స్త్రీలని, పల్లెలో ఉండి ప్రార్థన నడిపే పురుషుడిని ఉపదేశి అని పిలిచేవారు. చర్చి ఫలకాలమీద తెల్లవారి పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి గాని, సంఘం నిజంగా పెరిగింది ఈ ఉపదేశుల, బైబిలు స్త్రీల కాలినడక మీదనే.

వీరి శ్రమకు సమకాలీనంగా తెలుగుదేశమంతటా ఒక పెద్ద సామాజిక కదలిక జరుగుతూ ఉంది. ఊరి బయట ఉంచబడిన మాల, మాదిగ కుటుంబాలు ఒక్కరొక్కరుగా కాక వాడలుగా, బంధువర్గాలుగా క్రైస్తవంలో చేరసాగాయి. చరిత్రకారులు దీన్ని సామూహిక ఉద్యమం అంటారు. చదువు, వైద్యం, వెట్టి చాకిరీ చేయించుకునే దొరలకు ఎదురు నిలవడానికి ఒక అండ, అన్నింటికీ మించి మనిషిగా లెక్కలోకి రావడం అన్న కోరికలు ఈ కదలికలో ఆధ్యాత్మిక అన్వేషణతో పెనవేసుకుని ఉన్నాయి. వీటిలో ఏదో ఒక్కదాన్నే కారణంగా ఎంచే రచనలు రెండు పక్షాల నుంచీ వచ్చాయి, రెండూ అసంపూర్ణమే. వెస్లియన్ మిషన్ కూడా బోధతో ఆగలేదు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ రాజా నర్సాగౌడ్ ఆర్థిక సాయంతో 1915లో స్థాపించిన కుష్ఠువ్యాధి ఆసుపత్రి అదే కాలపు ఫలం.

చర్చి పరిమాణాన్ని ఈ కదలిక వెలుగులో చూడాలి. రెండు వందల మందికి గది చాలు. కాని పండుగనాడు చుట్టుపక్కల పల్లెలనుంచి బండ్లు కట్టుకుని, నడిచి వచ్చే వేలమందికి ఒకే కప్పు కింద చోటివ్వాలంటే మామూలు ప్రార్థనశాల సరిపోదు. అందుకే 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పుతో, అయిదువేల మంది పట్టేట్లు చర్చిని తలపెట్టారు. ఆ కొలతలను లెక్కవేస్తే మనిషికి వచ్చేది నాలుగు చదరపు అడుగులు మాత్రమే. కుర్చీలు, బల్లలు వేస్తే అంతమంది పట్టరు, పల్లె సంఘాల అలవాటు ప్రకారం నేలమీద బాసిపట్లు వేసుకుని కూర్చుంటేనే ఆ అంకె కుదురుతుంది. బయటి రూపం ఎంత పాశ్చాత్యమైనా, లోపలి వైశాల్యాన్ని నిర్ణయించింది తెలంగాణ పల్లెజనం కూర్చునే తీరు.

నమూనా గీసింది ఇంగ్లండులోని బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అనే వాస్తుశిల్పుల సంస్థ. అందులోని థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ దీనికి రూపకర్త. నూలు మిల్లుల పట్టణమైన బోల్టన్‌లో 1900 ప్రాంతంలో వెలసిన మెథడిస్టుల విక్టోరియా హాల్ కూడా ఈ సంస్థ పనే. మిల్లు కార్మికులకు చర్చి అంటే ఉన్న బెరుకు పోగొట్టడానికి నాటకశాలను పోలినట్లు కట్టే ఇటువంటి హాళ్లు ఆనాటి బ్రిటిష్ మెథడిస్టుల ప్రత్యేకత. స్వదేశపు శ్రామికుల కోసం నాటకశాలను పోలిన హాలు గీసిన సంస్థే మెదక్ కూలీల కోసం గోథిక్ చర్చి గీయడం గమనించదగినది: ఇంగ్లండు కార్మికుడికి చర్చి వాసన తగలకూడదని భావించినవారు తెలంగాణ పేదకు మాత్రం చర్చి మహిమ చూపాలని భావించారు.

1914లో మొదలైన నిర్మాణం పదేళ్లు సాగింది. ఆ పదేళ్లు ఎటువంటివో గుర్తుచేసుకోవాలి: ఆరంభంలోనే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది, ధరలు పెరిగాయి, వానలు మొహం చాటేశాయి, 1918లో దేశమంతటినీ ఊడ్చిన ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. కరువులో అన్నం లేక వచ్చినవారికి ఊరకే గంజి పోయడం కన్నా పని చూపి కూలి ఇవ్వడం మేలని పాస్నెట్ తలచాడని, చర్చి గోడలు అలా కరువు కూలితో లేచినవేనని మెదక్ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. దక్కనులో కరువుపని కొత్త సంగతి కాదు. కరువు వచ్చినప్పుడు ప్రభువులు చెరువు కట్టలు వేయించడం, బాటలు పోయించడం ఎప్పటినుంచో ఉన్న ఆచారం. కాకపోతే చెరువు తవ్వితే నీళ్లు నిలుస్తాయి, చర్చి కడితే ఏమి నిలుస్తుందని అడిగేవారు ఆనాడూ ఉండి ఉంటారు, ఆ ప్రశ్న అన్యాయమైనదీ కాదు. మొత్తం ఖర్చు ఆనాటి లెక్కలో సుమారు 14 లక్షల రూపాయలని ప్రసిద్ధి. ఆ సొమ్ములో ఎక్కువ భాగం సముద్రాల అవతలి దాతల నుంచి వచ్చినదే. ఖరీదైన మందిరం ధనికుల అవసరాన్ని తెచ్చిపెడుతుందన్న వెస్లీ హెచ్చరిక ఇక్కడ పాటించలేదు, కనీసం ఆ ధనికులు వేల మైళ్ల దూరంలో ఉన్నారు.

గోడలు, స్తంభాలు స్థానికంగా దొరికే గట్టి రాతిని చెక్కి పేర్చినవి. మధ్యలో పొడవాటి నడిమిశాల, దానికి రెండు పక్కల వరుసగా బరువైన బూడిదరంగు రాతి స్తంభాలు, బల్లపీఠానికి, అనగా ప్రభురాత్రి భోజన సంస్కారం జరిపే బల్ల ఉన్న వేదికకు, దగ్గరగా కుడియెడమల బాహువుల్లా చాచిన గదులు కలిసి భవనానికి సిలువ ఆకారం ఇస్తాయి. అంత ఎత్తైన రాతిశాలలో మాట్లాడితే మాట గోడలకు కొట్టుకుని ప్రతిధ్వనించి బోధకుడి మాటలే బోధకుడి మాటలను మింగేస్తాయి కాబట్టి, కప్పు లోపలి భాగాన్ని స్పంజివలె ధ్వనిని పీల్చుకునే పదార్థంతో నింపారు. బోధకుడి గొంతు స్పష్టంగా వినబడాలన్నది వెస్లీ ఎనిమిది పలకల గది నియమం వెనుక ఉన్న తాపత్రయమే. ఆకారం మారినా ఆ ఒక్క మెథడిస్టు పట్టుదల కప్పులో దాగి మిగిలింది. నేలమీద బ్రిటన్ నుంచి తెప్పించిన ఆరు రంగుల మొజాయిక్ పలకలను ఇటలీ నుంచి వచ్చిన మేస్త్రీలు పరిచారు. వందేళ్లుగా లక్షల పాదాలు తొక్కినా పలకల రంగులు వెలిసిపోకపోవడానికి కారణం వర్ణం పైపూత కాక మట్టిలోనే కలిపి కాల్చడం.

గోపురం ఎత్తు మీద ఒక కథ ప్రచారంలో ఉంది. చార్మినారు కన్నా చర్చి ఎత్తుగా లేస్తున్నదని తెలిసి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆపించాలని చూశాడని, అప్పటికే పని పూర్తయిపోయిందని ఆ కథ సారాంశం. రాజుగారి కట్టడం కన్నా ఎత్తుగా కట్టరాదన్న మాట అనేక ఊళ్లలో అనేక కట్టడాల మీద వినిపించేదే. దీన్ని చరిత్రగా కాక, తమ ఊరి చర్చి రాజధాని ముందు తలవంచదన్న మెదక్ జనం గర్వంగా తీసుకోవడమే సరి. అలాగే మెదక్ డయాసిస్, అనగా ఈ బిషప్పు ఏలుబడిలోని సంఘాల ప్రాంతం, వాటికన్ తరువాత ప్రపంచంలో రెండవదని పర్యాటక కరపత్రాల్లో అచ్చవుతూ ఉంటుంది. వాటికన్ రోమన్ కాథలిక్ సంఘానికి కేంద్రమైన ఒక చిన్న రాజ్యం. దానితో ఒక ప్రొటెస్టంట్ డయాసిస్‌ను పోల్చడమే అర్థంలేని పని. ఇంత గట్టి కట్టడానికి అటువంటి అతిశయోక్తి ఊతకర్ర అవసరం లేదు.

మెదక్ రూపం తప్పనిసరి కాదనడానికి అదే నిజాం రాజ్యంలో, తూర్పున ఖమ్మం వైపు, మరొక ఉదాహరణ ఉంది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య తన దోర్నకల్‌లో కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్‌కు 1939 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. అందులో మసీదులను తలపించే గుమ్మటాలు, ఆలయ మండపాన్ని తలపించే స్తంభాలు ఉన్నాయి. ఈ దేశపు క్రైస్తవుడు ఈ దేశపు కట్టడంలోనే దేవుణ్ణి ఆరాధించాలన్నది అజరయ్య ఉద్దేశం. ఇంగ్లండు రాజ్యాధికారంతో ముడిపడిన సంఘానికి చెందిన భారతీయుడు దేశీయ శైలిని ఎంచుకోగా, ఇంగ్లండు అధికార సంఘాన్ని కాదని పుట్టిన శాఖకు చెందిన ఆంగ్లేయుడు ఇంగ్లండు శైలిని ఎంచుకున్నాడు. రూపకల్పనలోని ఆలోచన దోర్నకల్‌లో ఎక్కువ లోతైనది. కట్టడంగా చూసినప్పుడు మాత్రం మెదక్ ముందు నిలబడ్డవారిమీద పడే ప్రభావం దోర్నకల్‌కు లేదు.

మెదక్‌లో అన్నింటికన్నా ఎక్కువగా చూపరులను ఆకట్టుకునేవి రంగుటద్దాల కిటికీలు. రంగు అద్దం అంటే అద్దంమీద పూసిన రంగు కాదు. గాజు కరిగి ఉన్నప్పుడే అందులో లోహపు భస్మాలు కలుపుతారు, కోబాల్టు కలిపితే గాఢమైన నీలం, రాగి కలిపితే ఆకుపచ్చ, అతిసూక్ష్మంగా బంగారం కలిపితే కెంపురంగు వస్తాయి. ఆ గాజును చిత్రంలోని ఆకారాలకు తగినట్లు ముక్కలుగా కోసి, ముఖాలు, గుడ్డల మడతలు వంటి వివరాలను వాటిమీద గీసి మళ్లీ కాల్చి, సీసపు పట్టీలతో ఒకదానికొకటి అతుకుతారు. చిత్రాన్ని చూపించేది బయటినుంచి వచ్చే పగటి వెలుగు కాబట్టి పొద్దున ఒక విధంగా, సాయంత్రం మరో విధంగా కనిపించే ఈ కిటికీలు చీకటి పడ్డాక లోపల నిలబడ్డవారికి నల్లటి గోడలే.

మూడు కిటికీలనూ రూపొందించినవాడు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ (1874–1962). బ్రిటిష్ రాజకుటుంబాన్ని, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టును చిత్రించి పేరుకెక్కిన ఈయన స్వయంగా మెథడిస్టు. మెదక్ పని ఆయనకు అప్పగించడానికి అది కూడా ఒక కారణం అయి ఉండవచ్చు. బల్లపీఠం వెనుక ఉన్న క్రీస్తు ఆరోహణ కిటికీ 1927లోను, ఒక పక్క బాహువులోని క్రీస్తు జననం 1947లోను, ఎదుటి బాహువులోని సిలువ 1958లోను అమరాయి. కథాక్రమంలో చివర రావలసిన ఆరోహణమే అన్నింటికన్నా ముందు వచ్చింది. సహజంగానే అందరి చూపూ పడే చోటు ముందు నిండింది, పక్క గోడలు డబ్బు, శాంతి సమకూరేదాకా ఆగాయి. మొదటి కిటికీకి, చివరి కిటికీకి మధ్య 31 ఏళ్లు గడిచాయి; ఈ కాలంలో ఒక ప్రపంచయుద్ధం జరిగింది, నిజాం రాజ్యం అంతరించింది, హైదరాబాదు రాష్ట్రం ఏర్పడి విడిపోయింది, మెదక్ ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. మొదటి కిటికీ పెట్టినప్పుడు యాభైల్లో ఉన్న చిత్రకారుడు చివరిది పెట్టేనాటికి ఎనభై దాటాడు. మొదటిది వచ్చింది మెథడిస్టు చర్చిలోకి, చివరిది వచ్చింది కథీడ్రల్‌లోకి.

ఆ మార్పుకు మూలం 1919లో తమిళదేశపు తరంగంబాడిలో జరిగిన ఒక సమావేశం. ఒకే ఊళ్లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటీరియన్ అంటూ విదేశాల్లో పుట్టిన తగవుల పేర్లతో తాము విడిపోయి ఉండడం ఎందుకని అక్కడ భారతీయ గురువులు ప్రశ్నించారు. అజరయ్య వారిలో ప్రముఖుడు. బిషప్పులు ఉన్నవారు, లేనివారు కలవాలంటే ఎవరి పద్ధతి నిలవాలన్న చర్చ 28 ఏళ్లు సాగింది. బిషప్పులు ఉండాలి, కాని రాజుల్లా కాక సంఘపు సభలకు లోబడి ఉండాలి. అంతకుముందు బిషప్పు చేతులుంచకుండా అభిషిక్తులైన గురువులను మళ్లీ అభిషేకం అడగకుండా ఉన్నవారిని ఉన్నట్లుగానే అంగీకరించాలి అన్న ఒప్పందం మీద 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. వ్యవహారంలో దీన్ని సి.ఎస్.ఐ. అంటారు. 14 డయాసిస్‌లతో మొదలైన ఈ సంఘంలో మెదక్ ఒకటి. అక్కడ మెథడిస్టు మిషనరీగా పనిచేసిన ఫ్రాంక్ విటేకర్ తొలి బిషప్పు అయ్యాడు. ఒక్క రాయి కదలకుండా, ఆయన ఆసనం వేసినందువల్ల మెదక్ చర్చి ఆనాడు కథీడ్రల్ అయింది. అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఆరు వారాలు. మెదక్ ఇంకా నిజాం ఏలుబడిలోనే ఉంది, భారత యూనియన్‌లో కలవడానికి మరో సంవత్సరం పట్టింది. ఆ విధంగా మెదక్ క్రైస్తవులు మద్రాసు, మైసూరు, తిరువాన్కూరు సంఘాలతో ఏకమైన తరువాతనే వారి రాజ్యం దేశంతో ఏకమైంది.

బిషప్పులు లేని బ్రిటిష్ మెథడిస్టులు బిషప్పులను అంగీకరించి ఈ ఐక్యతలో చేరగా, ముందునుంచీ బిషప్పులు ఉన్న అమెరికన్ మెథడిస్టులు దూరంగా ఉండిపోయారు. వారి సంఘాలు దక్షిణానికి పరిమితం కాక ఉత్తర భారతమంతటా విస్తరించి ఒకే వ్యవస్థగా ఉండడం ఇందుకు ఒక ముఖ్య కారణం. 1981లో స్వతంత్ర ప్రతిపత్తి పొంది మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా మారిన ఆ శాఖ నేడు హైదరాబాదులోను, వికారాబాదు ప్రాంతంలోను కొనసాగుతూ ఉంది. కనుక తెలంగాణలో మెథడిస్టు పేరు పెట్టుకున్న చర్చిలకు మెదక్ కథీడ్రల్‌తో వ్యవస్థాపరమైన సంబంధం లేదు, మెథడిస్టులు కట్టిన మెదక్ కథీడ్రల్ పేరులో మెథడిస్టు అన్న మాట లేదు.

కథీడ్రల్ ఆవరణ దాటి పల్లెల్లోకి వెళితే ఈ సంఘపు అసలు జీవితం మరోలా కనిపిస్తుంది. మెదక్ డయాసిస్‌లోని వాడియారం పాస్టరేటు, అనగా ఒకే గురువు బాధ్యతలో ఉన్న పల్లెల సముదాయం, అందులోని సంఘాలను పి.వై. లూక్, జాన్ కార్మన్ క్షుణ్ణంగా పరిశీలించి రాసిన పుస్తకం 1968లో వెలువడింది. గురువు ఒక్కడు, పల్లెలు అనేకం కావడం వల్ల ప్రభురాత్రి భోజనం వంటి సంస్కారాలు అరుదుగా అందే ఆ పల్లెల్లో బైబిలు కథలు, ఊరి దేవతల కొలుపులు, పండుగ ఆచారాలు ఒకే ఇంట్లో పక్కపక్కన ఎలా ఉంటాయో వారు కప్పిపుచ్చకుండా చూపారు. అక్కడి ప్రార్థన మందిరం చాలాచోట్ల ఒక గది, లేదా చెట్టు నీడ. అది వెస్లీ నియమాలకు కథీడ్రల్ కన్నా ఎంతో దగ్గర.

కథీడ్రల్ లోపల పాడే పాటలు కూడా గోథిక్ కమానుల దేశానివి కావు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలా కీర్తనలకు పైన రాగం, తాళం పేర్కొని ఉంటాయి. ఆ కీర్తనకారుల్లో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌధరి (1803–1890) బాప్టిస్టు గురువు. ఒక బాప్టిస్టు రాసిన తెలుగు కీర్తనను ఒకప్పటి మెథడిస్టు చర్చిలో, ఆంగ్లికన్ వ్యవస్థ నుంచి వచ్చిన బిషప్పు పదవి కింద పాడుకోవడం నేడు ఎవరికీ వింతగా తోచదు. 2024 డిసెంబరుతో చర్చికి వందేళ్లు నిండాయి. క్రిస్మస్ నాడు తెల్లవారకముందే మొదలయ్యే తొలి ఆరాధనకు, ఆ తరువాత రోజంతా సాగే జనప్రవాహానికి వచ్చేవారిలో మొక్కుబడి చెల్లించే ఇతర మతస్థులు కూడా ఎక్కువగానే ఉంటారు.

వెస్లీ నుంచి నేరుగా వచ్చిన ఆచారం ఒకటి వారం తరువాత కనిపిస్తుంది. బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్‌లోని బొగ్గుగని కార్మికులు అదివరకు సారా దుకాణాల్లో గడిపిన రాత్రులను మారుమనసు పొందాక ప్రార్థనలో, పాటల్లో గడపడం మొదలుపెట్టగా, 1740 ప్రాంతంలో వెస్లీ దాన్ని ప్రోత్సహించి క్రమబద్ధం చేశాడు. డిసెంబరు 31 రాత్రి తెలుగునాట పెంతెకోస్తు పాకల నుంచి సి.ఎస్.ఐ. కథీడ్రళ్ల దాకా జరిగే వాచ్‌నైట్ ఆరాధన దాని సంతతిదే. కొత్త సంవత్సరంలో దేవునితో నిబంధనను తిరిగి చేసుకునే ఆరాధనను వెస్లీ 1755లో ప్రవేశపెట్టగా, 1963లో అచ్చయిన సి.ఎస్.ఐ. ఆరాధన గ్రంథంలో దానికి చోటు దక్కింది. మెథడిస్టు నేపథ్యం ఉన్న సంఘాలే కాక, ఆంగ్లికన్ నేపథ్యం ఉన్న సంఘాలు కూడా దాన్ని ఆ గ్రంథం నుంచే చదువుకుంటున్నాయి.